మానడం ఆపని మచ్చ

నమోదు 211

గాలి సరిపోయింది. కిటికీ అద్దం మీద పేరుకున్న ఉప్పు గీకాను. వడపోత గుడ్డ ఉతికి ఆరేశాను. నెత్తిన ఇరవై బారల సముద్రం పెట్టుకుని ఆరేయడమేమిటని నన్నడగొద్దు. ఆరేశాను, అది ఆరలేదు. ఇంటి పెద్ద రోజూ గాలి, నీరు, మనుషుల ఆరోగ్యం రాసి పెట్టాలని సముద్రం అడుగున ఉన్న మా అడుగూరు నియమం. జీవితమంతా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, నియమం తప్పను.

మనుషుల ఆరోగ్యం: మా అమ్మాయి పోయాక ఈ ఇంట్లో నేనూ, నా మనవరాలు తరళా. తరళకు నిన్న ఊపిరి బొత్తాం పెట్టారు. రొమ్ము నడిమి ఎముక మీద చర్మం కోసి, రూపాయి బిళ్ళంత లోహపు గుండీ బిగిస్తారు. నీళ్ళలో దిగే సూటు గొట్టం దానికి తగులుకుంటుంది, గాలి నేరుగా నెత్తురులో కలుస్తుంది. బొత్తాం ఉన్నవాళ్ళే నాచు మడుల్లోకి దిగగలరు. మా అమ్మాయి చేసిన మడి తను పోయినప్పటినుంచీ పడావు పడి ఉంది. ఈ నాచు కోతలు ముగిసేలోగా మా ఇంటినుంచి ఎవరూ దిగకపోతే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. తరళకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మడి తప్ప వేరే ధ్యాస లేదు.

బొత్తాం పెట్టకముందే డాక్టరు శ్రీవత్సకు చెప్పాను. అతను నా దగ్గర చదువుకున్నవాడే.

"మా రక్తంలో మచ్చ ఆగదు నాయనా. నా భుజం చూడు. ఆవగింజంత టీకా పొడిస్తే పీతపిల్ల ఎక్కి కూర్చున్నట్టు పెరిగింది. దీన్ని కీలాయిడ్ అంటారు. మా అమ్మాయికి బొత్తాం దగ్గర ఎలాగో తప్పింది గానీ, చెవి కుట్టినచోట వచ్చింది. పైగా రొమ్ము ఎముక మీద చర్మం ఊపిరి తీసిన ప్రతిసారీ లాగుతుంది. దీనికి అంతకంటే ఇష్టమైన చోటు లేదు."

"మన ఆసుపత్రి మాన్పు బల్ల ఇంతవరకూ ఎవరి గాయాన్నీ మాన్పకుండా వదల్లేదు టీచర్."

"మానదేమోనని కాదు నా భయం. మానడం ఆపదేమోనని."

నవ్వాడు. బళ్ళోనూ అంతే, అర్థం కాని చోటల్లా నవ్వేవాడు.

నమోదు 214

గాలి సరిపోయింది. నీళ్ళకు ఇనుము వాసన వస్తోంది, మూడోసారి రాస్తున్నాను.

పరామర్శకు వచ్చేవాళ్ళతో ఇల్లు నిండిపోయింది. ఈ ఊరు కట్టిన తొలి తరంలో చాలామంది ఉప్పు పుండుతో పోయారు. వేలికి ముల్లు గీసుకున్నా నెలల తరబడి మూసుకునేది కాదట. ఆ భయం ఇంకా వదల్లేదు. ఎవరికి గాయమైనా ఊరు ఊరంతా మాన్పు జిగురు పట్టుకుని వస్తుంది. వచ్చిన ప్రతివాళ్ళూ ఉంగరపు వేలితో తలా కాస్తా రాసి దీవించాలి. రాయనివ్వకపోతే వాళ్ళ దీవెన మనకు అక్కర్లేదని అర్థం. ఆ జిగురు పని కండ పెంచడం. మామూలు ఒంటి మీదైతే గాయం మూసుకోగానే కండ తనంతట తనే ఆగిపోతుంది కాబట్టి ఎంత రాసినా నష్టం లేదు.

పక్కింటి బంగారమ్మ ఏకంగా గిన్నెడు తెచ్చింది.

"ఒలే గుంటా, ఇటు తిరుగు. బేగి మానిపోవాల, మీ యమ్మ మడిలో నువ్వు దిగాల."

"బంగారం, దానికి రాయకు. మా చర్మానికి పడదు."

"జిగురు పడకపోడమేటి టీచరమ్మా. అన్నం పడదంటారేటి రేపు?"

రాసేసింది. తరళ కళ్ళు మూసుకుని నవ్వుతూ రాయించుకుంది. నాకేసి చూసి, "అమ్మమ్మా, ఒక్కరోజైనా పాఠం చెప్పకుండా ఉండవా" అంది.

నమోదు 226

ఇవాళ ఆసుపత్రిలో మాన్పు బల్ల మీద తరళను పడుకోబెట్టారు. ఆ బల్ల గాయం చోట కండ ఎంత పూడిందో కొలిచి మార్కులు వేస్తుంది. నూటికి నూరు వస్తే మానినట్టు. తరళకు నూరు వచ్చింది. శ్రీవత్స చప్పట్లు కొట్టాడు. బయట కూర్చున్న రోగులు కూడా కొట్టారు, వాళ్ళకేం పని.

నేను మచ్చ చూశాను. కోత అంచు దాటి ఎర్రటి గట్టు ఒకటి బయటికి జరిగింది. నున్నగా మెరుస్తోంది. తరళ రెండు వేళ్ళతో బట్ట మీదనుంచే గోక్కుంటోంది.

"దురదగా ఉందా?"

"మానేటప్పుడు దురద ఉంటుందిగా."

"నూరు మార్కులు వచ్చాక ఇంకా ఏం మానుతోందట?"

శ్రీవత్స తర్వాతి రోగిని పిలిచాడు. ఇంటికొచ్చి నాచు పచ్చడి నూరాను. రోలు మీద కోపం తీర్చుకుంటే పచ్చడి మెత్తగా వస్తుంది.

నమోదు 240

నూట పద్ధెనిమిది.

నూటికి నూట పద్ధెనిమిది ఎలా వస్తాయని అడిగాను. నా చేతి కింద చదివినవాణ్ణి ఈ ప్రశ్న అడగాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది. "ఊళ్ళో ఇదే రికార్డు టీచర్" అన్నాడు శ్రీవత్స. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. తరళ ఫోటో ఆసుపత్రి గోడ మీద పెడతారట.

ఫోటో మెడ పైకే తీశారు. మెడ కింద బొత్తాం చుట్టూ కండ ఇడ్లీలా పొంగి ఉంది మరి.

నమోదు 243

గాలి సరిపోలేదు, పై వాడ వాళ్ళు ఏదో వేడుకకు దీపాలు ఎక్కువ పెట్టారు.

ఇవాళ బిగింపు పరీక్ష. దిగుడు గది దగ్గర పరీక్ష గుంట ఉంటుంది. సూటు వేసుకుని అందులో మునగాలి. బుడగలు రాకపోతే మడిలోకి పంపుతారు. సూటు గొట్టం చివరి కంకణం బొత్తాం చుట్టూ చదునైన చర్మం మీద కూర్చోవాలి. తరళకు చదునైన చోటే లేదు. కంకణం గట్టు మీద ఓ పక్కకు వాలి నిలబడింది. మునగ్గానే అన్నం ఉడికినట్టు బుడగలు.

మడుల పెద్ద పోలిరాజు మంచివాడే. రూలు అనే మాట దొరికాక మరీ మంచివాడయ్యాడు.

"ఏటి టీచరమ్మా ఇది, గుంట రొమ్ము మీద ఇలగ లేసింది? అంటుకుంటాదేటి?"

"అంటుకునేదైతే ముందు నీకే అంటించేదాన్ని పోలిరాజూ. ఇది పుండు కాదు, పుట్టకురుపు కాదు. మచ్చే, హద్దు తెలియని మచ్చ."

"అయితే కోయించీయండి. సదునుగా కోయించి తెండి, మళ్ళీ సూస్తాను. కోతలు అయిపోయీలోగా రావాల మరి. నా సేతిలో ఏటీ నేదు, రూలు."

ఇంటికి వచ్చేదారిలో తరళ కోయించుకుంటానంది. వద్దన్నాను.

"కోస్తే దానికి అది ఇంకో గాయం. మళ్ళీ మొదటినుంచి పని మొదలుపెడుతుంది, ఈసారి అనుభవంతో. కొంతమంది మచ్చలు గాయం గీతలోపలే ఉబ్బి, కొన్నాళ్ళకు వాటంతటవే అణుగుతాయి. మనది అలాంటిది కాదు. మనది గీత దాటుతుంది. ఒట్టి కోత కోసి వదిలేస్తే ముందుకంటే పెద్దదవుతుంది. మీ అమ్మ చెవి దగ్గర చూశాను."

"మరేం చెయ్యమంటావు? చూస్తూ కూర్చోమంటావా?"

"కూర్చోమనలేదు. కొయ్యొద్దన్నాను."

"నీ దగ్గర వద్దనేవే ఉంటాయి అమ్మమ్మా. ఒక్కటైనా చేద్దాం అనేది ఉంటే చెప్పు."

అది నాకు గుచ్చుకుంది. ఆ పూటకు నా దగ్గర నిజంగానే ఏమీ లేదు.

నమోదు 246

కోశారు. మేజరు పిల్ల, సంతకం తనే పెట్టుకుంది. బల్ల సున్నా మార్కులు వేసి, కట్టు గుడ్డకు రెట్టింపు జిగురు పట్టించింది. బంగారమ్మ ఈసారి గిన్నె కాదు, డబ్బా తెచ్చింది.

నమోదు 262

నూట నలభై ఒకటి. ఫోటో ఇంకా పెద్దది వేస్తారేమో.

కుట్టు పడిన ప్రతి చుక్క దగ్గరా ఓ పిల్ల గట్టు లేచింది. అన్నీ కలిసి బొత్తాన్ని మింగేయబోతున్నాయి. పీత కాళ్ళలా రెండు పాయలు పక్కటెముకల వైపు పాకాయి. దురద, దానికి తోడు సూది పొడిచినట్టు నొప్పి. తరళ చేతులు పైకెత్తి జడ వేసుకోలేకపోతోంది, చర్మం లాగుతోందట. నేను వేస్తానంటే వద్దంది. జుట్టు విరబోసుకుని తిరుగుతోంది. ఇద్దరం ఒకరితో ఒకరం మర్యాదగా మాట్లాడుకుంటున్నాం. ఈ ఇంట్లో అంతకంటే చెడ్డ రోజులు లేవు.

నమోదు 263

మోకాళ్ళ వాపుకు నాకు ఆసుపత్రిలో సూది వేస్తారు. ఇవాళ ఆ సూది గుచ్చించుకుంటూ ఉండగా తట్టింది. ఒడ్డు మీద ఉన్న రోజుల్లో మా అమ్మ నా భుజానికి వేయించిన సూది కూడా ఇదే జాతి. కండలోకి నేరుగా గుచ్చితే దాని పొగరు తగ్గుతుంది. నాది సగం అణిగింది కూడా. తర్వాత మేం కిందికి వచ్చేశాం, వైద్యం ఆగిపోయింది, మిగతా సగం అలాగే ఉండిపోయింది.

"ఇదే మందు తరళ మచ్చలోకి వెయ్యి" అన్నాను.

శ్రీవత్స బల్లను అడిగాడు. బల్ల జవాబు తెర మీద వచ్చింది: ఈ మందు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, గాయానికి ఇవ్వబడదు.

"అవును, ఆలస్యం చెయ్యడానికే" అన్నాను బల్లతో. బల్లతో మాట్లాడే వయసు వచ్చింది నాకు.

"బల్ల ఒప్పుకోకపోతే మందు అర తెరుచుకోదు టీచర్. ఈ ఆసుపత్రిలో ఉన్నవన్నీ కండ పెంచే మందులే. ఆపేది ఇదొక్కటి, దీన్ని బల్ల మోకాలికే ఇస్తుంది."

"అయితే తరళకు మోకాలు ఉందని చెప్పు."

"ఉన్నాయి కదా."

"రొమ్ము మీద."

ఈసారి నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని టైపు చేశాడు. బల్ల అడిగింది: ఎడమ మోకాలా, కుడి మోకాలా? శ్రీవత్స నాకేసి తిరిగాడు.

"నడిమిది" అన్నాను.

బల్ల ఆలోచించి అర తెరిచింది. మనిషికి మూడు మోకాళ్ళు ఉండవని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నమోదు 264

మనవరాలికి మూడో మోకాలి సంగతి చెప్పాను. నవ్వింది. తర్వాత, "నొప్పి ఎలా ఉంటుంది?" అంది.

అబద్ధం చెప్పలేదు. గట్టి చెక్కలోకి మేకు దిగినట్టు ఉంటుంది. ఒక్కసారితో పోదు, నెల నెలా వెయ్యాలి. అణుగుతుంది, మాయం కాదు. మళ్ళీ లేవదని హామీ కూడా లేదు.

"నీ భుజానిది ఇన్నేళ్ళూ పైట కింద దాచుకునే బతికావు కదా. నాకు దాచుకోవాలని లేదమ్మమ్మా. నాకు మడిలోకి దిగాలని ఉంది."

"దాచుకోమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నిన్ను చూస్తూ పెరిగాను."

ఆమె జడ వేస్తానన్నాను. కూర్చుంది.

నమోదు 292

రెండో సూది పడింది. జిగురు పూర్తిగా మాన్పించాను. కాలిన ఒంటికి వాడే సిలికాన్ రేకు కత్తిరించి రాత్రింబవళ్ళూ అంటిస్తున్నాం, మీద గుడ్డతో బిగించి కడుతున్నాం. గట్టు రంగు తగ్గింది. వేలితో నొక్కితే ఇదివరకు రాయిలా ఉండేది, ఇప్పుడు సపోటా పండులా ఉంది. దురద చాలావరకు పోయింది.

బంగారమ్మను గుమ్మంలోనే ఆపాల్సి వచ్చింది.

"మా అత్త ఉప్పు పుండుతో నా సేతుల్లోనే పోయింది టీచరమ్మా. నాను రాస్తానంటే ఆపతారేటి?"

ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంకాస్త మెత్తగా ఆపేదాన్నేమో. డబ్బా తీసుకుని లోపల పెట్టాను. అందులోంచి కాస్త ఆమె చేతే, మచ్చ లేవని మొద్దు తోలు కదా, నా మడమ పగుళ్ళకు రాయించుకున్నాను. దీవెన ఎక్కడ రాస్తే ఏం, రాసిన తృప్తి ఆమెకు దక్కింది. నా మడమలు మాత్రం నున్నగా అయిపోయాయి.

నమోదు 293

శ్రీవత్స ఇంటికి వచ్చాడు. ఆసుపత్రిలో చెప్పలేని మాట అయి ఉంటుందనుకున్నాను, అదే అయింది.

"బొత్తాం ఉన్నంతకాలం లోహం ఒరుసుకుంటూనే ఉంటుంది. ఒరుసుకున్నంతకాలం ఇది లేస్తూనే ఉంటుంది. తీసేస్తే, అంచుల్లో సూది వేస్తూ, కుట్టు లాగకుండా మూస్తే, అణిగే అవకాశం ఉంది. నేను ముందే మీ మాట..."

"అది తర్వాత మాట్లాడుకుందాం. పిల్లతో చెప్పు."

తరళ వింది. "కోతలు అయ్యాక తీయించుకుంటా" అంది.

"కోతల్లో సగానికి సగం అయిపోయాయే" అన్నాను.

"ఇంకా సగం ఉంది. ఇప్పుడు మెత్తబడింది కదా, కంకణం కూర్చుంటుంది. ఒక్కసారి పరీక్ష ఇస్తాను."

ఆమె జబ్బు కంటే ఆమె ఆశను ఒప్పించడం కష్టంగా ఉంది. ఆశ అణగడానికి సూది లేదు. ఉన్నా నేను వేయించను.

నమోదు 297

పరీక్ష గుంటలో మొదటి మెట్టు దాకా బుడగ రాలేదు. పోలిరాజు తల ఊపాడు. రెండో మెట్టు దిగగానే నీటి బరువుకు కంకణం జారింది. సూటు నిండిపోయింది. ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. మెడ దాకా ఉప్పునీళ్ళు, మచ్చ భగ్గున మండుతోంది, అయినా పిల్ల ఏడవలేదు. దగ్గింది, కక్కింది, గట్టు మీద కూర్చుని తనే కంకణం విప్పింది.

పోలిరాజు నన్ను పక్కకు పిలిచి, రెండు పరీక్షలూ పోయాక కోతలు ముగిసేదాకా ఆగడానికి లేదని, మడి వేరేవాళ్ళ పేరు మీద రాయక తప్పదన్నాడు. అతని గొంతులో రూలు లేదు ఈసారి. అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి.

నమోదు 301

బొత్తాం తీసేశారు. తరళే చెప్పింది తీయమని. అంచుల చుట్టూ నడిమి మోకాలి మందు వేశారు. జిగురు రాయలేదు. బల్ల తప్పు తప్పు అని ఎర్ర దీపం వెలిగిస్తే శ్రీవత్స దాని మీద తువ్వాలు కప్పాడు. నా దగ్గర చదివింది వృథా పోలేదు.

మడి పోయింది. ఎవరికి ఇచ్చారో నేను అడగలేదు. తరళ అడిగి తెలుసుకుంది, వెళ్ళి వాళ్ళకు మా అమ్మాయి నాచు విత్తనం ఎక్కడ దాచిందో చూపించి వచ్చింది. వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కిటికీ ఉప్పు గీకుతూ కూర్చున్నాను. గీకాల్సినంత ఉప్పు లేదు.

నమోదు 318

నాతో ఒక్క మాట చెప్పకుండా తరళ పోలిరాజు దగ్గరికి వెళ్ళిందని తెలిసి నేనూ వెళ్ళాను. దిగుడు గదిలో ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"మురుగు తూము మూతలు కడిగేవాళ్ళు బొత్తాలు పెట్టుకున్నారా బాబాయ్?"

"నేదు. ఆళ్ళు గొట్టం నోట్లో పెట్టుకుని దిగతారు. పైనుంచి గాలి కొడతాం."

"నేనూ నోట్లో పెట్టుకుని దిగుతాను."

"గొట్టం పొడుగు ఎంతని? మడులకాడికి అందదే. తూము దగ్గరున్న సిన్న సెక్క మడుల దాకానే అందతాది. అక్కడంతా బురద, కంపు. ఎవడూ సెయ్యడు."

"ఎవరూ చెయ్యనివే ఇవ్వండి."

పోలిరాజు నవ్వాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు మానేశాడు. "టీచరమ్మా, నాచు మడికి నోటి గొట్టంతో దిగినోళ్ళు ఇంతవరకూ నేరు."

"దేవుడు ముక్కూ నోరూ పెట్టింది గాలి పీల్చడానికే పోలిరాజూ. రొమ్ముకు చిల్లి పెట్టడం మన తెలివి. రూలులో బొత్తాం ఉండాలని ఉందా, ఊపిరి ఆడాలని ఉందా?"

రూలు తీసి చదివాడు. రెండుసార్లు చదివాడు. ఊపిరి ఆడాలనే ఉంది. కాకపోతే గొట్టం మీద దిగే మనిషికి పైన ఇంటిమనిషి ఒకరు గొట్టం పట్టుకుని కాపలా ఉండాలట.

"మీ ఇంట్లో ఎవరున్నారు?" అన్నాడు.

ఈ ప్రశ్నకు ఇద్దరం కోపంగానే చూశాం.

నమోదు 331

గాలి సరిపోయింది. కాదు, సరిపోలేదు. రాస్తాను.

తరళ మొదటిసారి తూము చెక్క మడిలోకి దిగింది. సూటుకు రొమ్ము దగ్గర చిల్లి లేదు, దర్జీ చేత మూయించాం. దాని కింద సిలికాన్ రేకు, రేకు కింద మచ్చ. ఇంకా ఉంది, గులాబీ రంగులో, మునుపటంత ఎత్తు కాదు. రేపు మళ్ళీ సూది ఉంది. అది ఎటు తిరుగుతుందో శ్రీవత్సకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకున్నప్పటినుంచీ అతను నాకు నచ్చుతున్నాడు.

దిగుడు గదిలో పీట వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు రెండూ తిట్టిపోశాయి. గాలి యంత్రం తిరుగుతోంది. గొట్టం నా చేతుల్లోంచి జారి నీళ్ళలోకి పోతోంది. పిల్ల పీల్చినప్పుడల్లా అది కొంచెం బిగుసుకుంటోంది, వదిలినప్పుడు సడలుతోంది. బొత్తాం వాళ్ళ ఊపిరి ఇలా చేతికి తెలియదు. లోతు పెరిగేకొద్దీ గొట్టం బరువెక్కింది. నీళ్ళు బురదతో నల్లగా ఉన్నాయి, ఆమె దీపం కనబడడం మానేసింది. నేను గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను, జారిపోకుండా, గట్టిగా. మా అమ్మాయి కూడా ఈ నీళ్ళలోకే దిగేది, అప్పుడు నేను పైన లేను, బళ్ళో ఉన్నాను.

ఉన్నట్టుండి గొట్టం గుంజింది. ఒకటి, రెండు, మూడు. ప్రమాదమేమోనని ఇంకా గట్టిగా పట్టుకుని పైకి లాగాను. నీళ్ళు చీల్చుకుని తరళ తల పైకి వచ్చింది, భుజం మీద కంపుకొట్టే నాచు కట్ట, మొహమంతా బురద, కళ్ళు ఎర్రగా. గొట్టం ఊసి ఆయాసపడుతూ నన్ను చూసింది.

"అమ్మమ్మా, గొట్టం అలా నులిమేస్తే గాలి ఎలా వస్తుంది? అక్కడ చచ్చేదాన్ని."

చేతులు చూసుకున్నాను. వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. పట్టు కొంచెం వదులు చేశాను. గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకుని, నాచు కట్ట నా ఒళ్ళో పడేసి, ఆమె కిందికి వెళ్ళిపోయింది.

ఇంకొంచెం వదులు చేశాను.